పద్దెనిమిది అంకెల ఇల్లు

జూన్ 3

బన్నూ,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. ఓవెన్ ముందు నిలబడి చదవకు. పోయినసారి నా ఉత్తరం సగం కాలిపోయిందని నువ్వే రాశావు, ఆ సగంలోనే అసలు సంగతి ఉంది.

నేను పెళ్ళి చేసుకుంటున్నాను.

చదివావా? నీళ్ళు తాగు. ఫోన్లో చెబుదామనుకున్నాను గానీ నా గొంతు నన్ను పట్టిచ్చేస్తుంది. పైగా నీ బేకరీలో ఫోన్ ఎత్తేది మీ ఆయన. ఆయనకి చెబితే వీధి చివరి మందుల షాపుకి కూడా చెప్పినట్టే.

నేను చేసుకోబోయే ఆయనకి కళ్ళద్దాల షాపు ఉంది. నా పని నీకు తెలిసిందే కదా. కడుతున్న భవనాల దగ్గర్నుంచి సిమెంటు దిమ్మలు వస్తాయి, వాటిని ప్రెస్సు కింద పెట్టి ఎంత బరువుకి పగులుతాయో చూసి రాసుకోవడం. మీటరు మీద అంకెలు మసకబారుతున్నాయని పోయినేడు ఆ షాపుకి వెళ్ళాను. మూడుని ఎనిమిదిగా చదివాను. మనిషి నవ్వలేదు. "రోజంతా పగలగొట్టే పని కదండీ, కళ్ళు అలిసిపోతాయి" అన్నాడు. అంతే. అంతకంటే పెద్ద ప్రేమకథ ఏమీ లేదు, నువ్వు ఊహించుకోకు.

మొన్న మా ఇంటికి టీకి వచ్చి గోడ మీద నా పెళ్ళి ఫొటో చూశాడు. మీ అన్నయ్యా నేనూ మీ నాన్నగారింటి గుమ్మంలో నిలబడ్డ ఫొటో. మా తలల మీద ఇత్తడి పలక. "ఇదేంటి, ఇంటి నంబరా? ఇంత పొడుగా? మీ వీధిలో ఎన్ని ఇళ్ళున్నాయండీ?" అన్నాడు. నవ్వలేక చచ్చాను.

అప్పుడు చెప్పాల్సొచ్చింది. మా మామయ్యగారు లెక్కల మాస్టారు. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకీ, పెళ్ళయి వచ్చినవాళ్ళకీ ఒక్కొక్క ప్రధాన సంఖ్య ఇస్తారు. అంటే ఒకటీ, ఆ సంఖ్యా తప్ప ఇంకేదీ దాన్ని భాగించలేదన్నమాట. ఒకరికిచ్చింది ఇంకొకరికివ్వరు. అందరివీ కలిపి గుణించి, వచ్చిన పెద్ద సంఖ్యని పలక మీద చెక్కిస్తారు. ఎవరైనా ఆ ఇంటివాళ్ళవునో కాదో తెలియాలంటే వాళ్ళ సంఖ్యతో పలకని భాగిస్తే చాలు. శేషం లేకుండా పోయిందా, ఇంటిమనిషే.

ఆయనకి సరదా పుట్టింది. ఎవరికెంతో చెప్పమన్నాడు. అత్తయ్యగారికి రెండు. ప్రధాన సంఖ్యల్లో అదొక్కటే సరిసంఖ్య. "ఇంట్లో ఆవిడొక్కతే సరి, మిగతా అందరం బేసి" అని మామయ్యగారు అనేవారు కదా. పిల్లికి మూడు. నీకు ఇరవైతొమ్మిది, మీ అన్నయ్యకి ముప్పైయొకటి, నాకు ముప్పైయేడు, మీ ఆయనకి నలభైయొకటి. మీ కవలపిల్లలకి నూటొకటి, నూటమూడు. రెండే తేడా ఉన్న ప్రధాన సంఖ్యల్ని కూడా కవలలే అంటారట. మామయ్యగారికి తొమ్మిది వందల తొంభైయేడు. మూడంకెల్లో అన్నిటికన్నా పెద్దది, ఇంటిపెద్ద కదా మరి! ఐదు మాత్రం ఎవరికీ లేదు. రెండూ ఐదూ కలిస్తే చివర సున్నా వస్తుంది, "నా ఇల్లు సున్నాతో ముగియడమా?" అంటారాయన.

"మరి పోయినవాళ్ళు?" అని అడిగాడు. పోయినవాళ్ళని తియ్యరు అన్నాను. పలకలో ఇప్పటికీ అత్తయ్యగారున్నారు, మీ అన్నయ్య ఉన్నాడు.

"ఎప్పుడూ ఎవర్నీ తియ్యలేదా?"

అక్కడ నా నవ్వు ఆగిపోయింది. చిన్నమామయ్యగారు ఇల్లు వదిలి వెళ్ళిపోయినప్పుడు మామయ్యగారు ఒక్క మాటా అనలేదు. పలక దించి, ఆయన సంఖ్య నలభైమూడుతో భాగించి, మళ్ళీ చెక్కించి పెట్టేశారు. ఇప్పటికీ ఆ ఇంట్లో ఆయన పేరెత్తే దిక్కులేదు.

నాకు భయంగా ఉంది బన్నూ. మామయ్యగారు వద్దంటే పెళ్ళి ఆగదు, అంత చిన్నపిల్లని కాను. కానీ నాకు అమ్మానాన్నలు లేరు. ఈ భూమ్మీద నాది అనుకున్న గుమ్మం అదొక్కటే. అది పోతే తట్టుకోలేను. నువ్వే చెప్పు ఆయనతో. మంచి సమయం చూసి చెప్పు.

నీ వదిన


జూన్ 11

వదినా! వదినా! వదినా!

మూడుసార్లు ఎందుకు రాశానంటే ఉత్తరం చదివి మూడుసార్లే అరిచాను. అరుపుకి కవలలు పరిగెత్తుకొచ్చారు, ఒక ట్రే బిస్కెట్లు బొగ్గయ్యాయి. కూర్చునే చదివాను, ఒట్టు. కూర్చున్న చోటు మాత్రం ఓవెన్ ముందే.

నాకు లోపల్లోపల ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. అన్నయ్య పోయిన దగ్గర్నుంచి నీ ఉత్తరాల్లో సిమెంటు తప్ప ఏమీ ఉండేది కాదు. ఈ ఉత్తరంలో మనిషి కనబడ్డాడు. బట్టతలా? పొట్టా? ఏదీ రాయకుండా "మనిషి నవ్వలేదు" అని రాస్తే నాకేం అర్థమవుతుంది!

మంచి సమయం చూసి చెప్పమన్నావు. నా నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలీదా? సాయంత్రం నాన్న బ్రెడ్డు కోసం వచ్చాడు. పొట్లం కడుతూ కడుతూ చెప్పేశాను. ఆయన "ఊఁ" అన్నాడు.

నాన్న "ఊఁ"లు నీకు తెలుసు కదా. అవుననే ఊఁ ఒకటి, కాదనే ఊఁ ఒకటి, వినలేదనే ఊఁ ఒకటి. ఇది ఆ మూడింట్లోనూ లేదు. బ్రెడ్డు తీసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున నేను ఆ వీధిలోంచి వస్తుంటే స్టూలెక్కి గుమ్మం మీది పలక స్క్రూలు విప్పుతున్నాడు. కిందనుంచి పిల్లి కాపలా. "ఏంటి నాన్నా?" అంటే "నువ్వు నీ బన్నుల సంగతి చూసుకో" అన్నాడు. సంచిలో పెట్టుకుని ఎటో వెళ్ళిపోయాడు.

తోముదామని దించాడేమోలే. ఇత్తడి నల్లబడింది కూడాను. నువ్వు కంగారు పడకు. అయినా చెబుతున్నా కాబట్టి ఇదీ చెప్పేస్తా. ఆదివారం భోజనాల దగ్గర "ముప్పైయేడు ఎలా ఉందిట?" అని అడుగుతాడు కదా, నిన్న అడగలేదు. మర్చిపోయుంటాడు.

నీ ఆడపడుచు, ఒళ్ళంతా పిండితో

తా.క. బట్టతల అయినా ఫరవాలేదు.


జూన్ 18

బన్నూ,

తోముదామని దించారా? నువ్వే నమ్మని మాట నన్ను నమ్మమంటావేమే? ఆయన పలక దించిన ప్రతిసారీ ఏం జరిగిందో చూడు. నేను కోడలిగా, మీ ఆయన అల్లుడిగా వచ్చినప్పుడు దించారు. కవలలు పుట్టినప్పుడు దించారు. చిన్నమామయ్యగారప్పుడు దించారు. పుట్టడానికి ఇప్పుడెవరూ లేరు. రావడానికి ఎవరైనా ఉన్నారా అంటే, మా ఆయన కాబోయేవాణ్ణి ఆయన చూడనైనా లేదు. మిగిలింది ఒక్కటే.

ఇన్నేళ్ళలో ఏ ఆదివారమూ మర్చిపోనిది ఈ ఆదివారమే మర్చిపోయారా?

అలా తీసెయ్యడం ఎంత సులువో తెలుసా? భాగిస్తే చాలు. గోడలోంచి ఇటుక లాగితే కన్నమైనా కనబడుతుంది. ఇక్కడ అదీ ఉండదు. శేషం కూడా లేకుండా, అసలు నేనెప్పుడూ లేనట్టే ఇంకో సంఖ్య నిగనిగలాడుతూ ఉంటుంది. ఈ వారమంతా దిమ్మలు పగులుతున్న చప్పుడికి ఉలిక్కిపడుతున్నాను, రోజూ వినే చప్పుడే.

ఆయన "మీ మామయ్యగారితో నేను మాట్లాడనా?" అంటున్నాడు. ఆయనకి ఎక్కాలే సరిగ్గా రావు పాపం. ఎనిమిదేళ్ళు ఎంత అంటే కాగితం వెతుక్కుంటాడు. మామయ్యగారి ముందు నిలబెడితే ఇంకేమైనా ఉందా!

ఒక్క పని చెయ్యి. పలక ఎక్కడుందో కనుక్కో. దాని మీద ఇప్పుడు ఏ సంఖ్య ఉందో నాకు రాసి పంపించు. మిగతాది నేను చూసుకుంటాను. దాచకు. నాకు నిజం కావాలి.

వదిన

తా.క. బట్టతల కాదు. పొట్ట మాత్రం కొంచెం ఉంది.


జూన్ 27

వదినా,

నీ పుణ్యమా అని గూఢచారి ఉద్యోగం కూడా చేశాను. తల ప్రాణం తోకకొచ్చింది.

పలక ఎక్కడికి వెళ్తుంది, బోర్డులు చెక్కే ఆయన దగ్గరికే. డాక్టర్ల బోర్డులు, బడి బోర్డులు అన్నీ ఆయనవే. అడిగితే "ఎవరికీ చూపించొద్దని పెద్దాయన గట్టిగా చెప్పారమ్మా" అన్నాడు. నేను ఊరుకుంటానా! వేడివేడి వెన్న బన్నులు ఓ డజను పట్టుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టాను. వాసనకి మనిషి సగం కరిగాడు, రెండో బన్నుకి పూర్తిగా కరిగాడు. "నేను లోపల టీ పెట్టుకొస్తా, మీరు కూర్చోండి" అని కన్నుకొట్టి వెళ్ళాడు. పలక గుడ్డ కింద ఉంది.

పాతది పద్నాలుగంకెలు కదా. కొత్తది చూసి బిత్తరపోయాను. పద్దెనిమిది! ఇత్తడి కూడా కొత్తదే, పాత పలక చాల్లేదట. రాసుకుంటుంటే ఆయన లోపల్నుంచి వాళ్ళ కోడలి ప్రసవం సంగతంతా చెబుతున్నాడు, నేను ఊఁ కొడుతూ రాశాను. ఇదిగో:

210390892777380522

తప్పు పోయిందేమోనని సరిచూశాను కూడా. పలక మీది అంకెలన్నీ కూడితే డెబ్బైఐదు. నేను రాసినవి కూడితే డెబ్బైఐదు. లెక్కల మాస్టారి కూతుర్ని, ఆ మాత్రం తెలీదా!

పెరిగిందంటే మంచిదే కదా వదినా? తీసేస్తే తగ్గాలి గానీ పెరగడమేంటి? నాకైతే శుభమే అనిపిస్తోంది. ఒక్కటే కాస్త... చెప్పేస్తున్నా. "పాత పలక ఏం చెయ్యమన్నారు?" అంటే, "అది ఇక పనికిరాదు, కరిగించెయ్" అన్నాడట నాన్న. ఆయన మాటతీరే అంత, నువ్వు పట్టించుకోకు.

నేను భాగించి చూడలేదు. ఎవరిదో పెళ్ళి కేకు, ఐదంతస్తులది, క్రీము కారిపోతోంది. నువ్వే చూసి వెంటనే రాయి.

నీ బన్ను


జూలై 5

గౌరవనీయులైన ఆడపడుచుగారికి,

మీరు పంపిన సంఖ్య అందింది. శ్రమ తీసుకున్నందుకు కృతజ్ఞతలు.

ముప్పైయేడుకి ఒక చిట్కా ఉంది. సంఖ్యని కుడి నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టి ఆ ముక్కల్ని కూడాలి. ఆ మొత్తం ముప్పైయేడుతో పోతే అసలు సంఖ్యా పోతుంది. పెళ్ళయిన కొత్తల్లో మీ అన్నయ్య నేర్పించాడు, నీ నంబరంత సులువైనది ఈ ఇంట్లో ఎవరికీ లేదని ఆటపట్టించేవాడు. అలాగే చేశాను. ముక్కల మొత్తం 3171 వచ్చింది. దాన్నీ విడగొట్టి మూడూ నూటడెబ్బైయొకటీ కూడితే 174. ముప్పైయేడు నాలుగుసార్లు పోగా ఇరవైఆరు మిగిలింది. నమ్మకం లేక పూర్తి భాగహారం కూడా చేశాను. ఇరవైఆరే.

కాబట్టి నేను ఆ ఇంట్లో లేను. సంఖ్య పెరిగిందని మీరు సంతోషించారు. నన్ను తీసేసి ఇంకెవరినో చేర్చుకుని ఉంటారు. ఎవరో నాకు అనవసరం.

మామయ్యగారి మీద నాకు కోపం లేదు. ఆయన ఇచ్చారు, ఆయనే తీసుకున్నారు. నోటితో ఒక్క మాట అంటే బాగుండేది. తిట్టినా బాగుండేది. పాతది పనికిరాదు, కరిగించెయ్ అన్నారంటే ఇంకా నేను అర్థం చేసుకోకపోతే తప్పు నాదే.

వచ్చే నెలలో రిజిస్టరు ఆఫీసులో పెళ్ళి చేసుకుంటున్నాం. మిమ్మల్ని ఇబ్బంది పెట్టను, ఎవరూ రానక్కర్లేదు. దయచేసి ఫోన్ చెయ్యకండి, ఎత్తను. పిల్లలకి నా ఆశీస్సులు.

ఇట్లు,
సిమెంటు ల్యాబులో పనిచేసే ఒకావిడ


జూలై 10

ఎవరే ఆ సిమెంటు ల్యాబావిడ? ఆవిడెవరో నాకు తెలీదు. నా వదిన కనబడితే ఈ ఉత్తరం ఆవిడకివ్వమను.

వదినా, నీకేమైనా మతి పోయిందా! నన్ను "మీరు" అంటావా? "గారు" అంటావా? ఆ "గారు" దగ్గరే నా ఏడుపు మొదలైంది. పద్నాలుగు ఫోన్లు చేశాను, ఎత్తలేదు. సరే, ఉత్తరమైనా చదువుతావు కదా, చచ్చినట్టు చదువు.

నీ ఉత్తరం చూసి నాకు నాన్న మీద పీకలదాకా కోపమొచ్చింది. ఆయన్ని దులిపేద్దామని బయల్దేరాను. మా ఆయన గుమ్మంలో అడ్డుపడి, "ముందు నీ నంబరు వేసి చూడు, నువ్వున్నావో లేవో" అన్నాడు. ఇదేం వేళాకోళం అనుకుంటూ, పిండి చల్లిన బల్ల మీదే వేలితో భాగహారం వేశాను. ఇరవైతొమ్మిది పోలేదు!

వదినా, నేను లేను! కన్నకూతుర్ని! చెట్టంత మనిషిని, రోజూ బ్రెడ్డు ఇచ్చేదాన్ని! బల్ల మీద తలపెట్టి బావురుమన్నాను. మొహమంతా పిండి. మా ఆయన ఓదార్చడం మానేసి తన నలభైయొకటి వేసుకున్నాడు. అదీ పోలేదు. అప్పుడు ఆయన మొహం చూడాలి నువ్వు. కవలలు వాళ్ళవి వాళ్ళు వేసుకున్నారు. నూటొకటి లేదు, నూటమూడు లేదు. ఇద్దరూ కలిసి రాగం ఎత్తుకున్నారు. చివరికి నాన్న తొమ్మిది వందల తొంభైయేడు వేస్తే అదీ పోలేదు. అంటే ఏమన్నమాట? ఇంటిపెద్ద తనని తానే బయటికి గెంటేసుకున్నాడు!

మిగిలిందెవరో తెలుసా? రెండు పోయింది, మూడు పోయింది. అమ్మ, పిల్లి. ఇంకెవరూ లేరు ఇంట్లో.

అప్పుడు మా ఆయన నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, "నువ్వు సరిగ్గానే రాసుకున్నావంటావా?" అన్నాడు. నేను లెక్కల మాస్టారి కూతుర్నని ఎగిరాను. డెబ్బైఐదూ డెబ్బైఐదూ అని ఎగిరాను. ఎగురుతూ ఎగురుతూనే నాకు వెలిగింది. రెండంకెలు అటూ ఇటూ అయినా మొత్తం డెబ్బైఐదే వస్తుందిగా! చోట్లు మారితే కూడిక మారదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

చెప్పుల్లేకుండా పరిగెత్తాను బోర్డులాయన దగ్గరికి. పలక ఇంకా అక్కడే ఉంది. ఒక్కో అంకె మీద వేలు పెట్టి చదివాను. నడుమ 892 కాదు వదినా, 829. ఆయన కోడలికి పుట్టింది ఆడపిల్ల అన్నప్పుడు రాసిన చోటది. రెండూ తొమ్మిదీ తారుమారు చేశాను. ఆ ఒక్క దెబ్బకి ఇల్లంతా ఖాళీ.

అసలైనది ఇదీ:

210390829777380522

నా ఇరవైతొమ్మిది వేశాను, పోయింది. అంతవరకే చూశాను. నీది వెయ్యడానికి నాకు చెయ్యాడలేదు. ఒకవేళ... అది నువ్వే చూడు. ఏదైనా సరే రాయి. నువ్వు పలక మీద ఉన్నా లేకపోయినా ఆ రిజిస్టరు ఆఫీసుకి నేను వస్తాను, కేకుతో వస్తాను, నువ్వు తలుపు వేసినా కిటికీలోంచి వస్తాను.

నాన్నకి మాత్రం నేను తప్పు రాశానని చెప్పకు. నీ కాళ్ళు పట్టుకుంటా.

నీ బన్ను, నీ బన్ను, నీ బన్ను


జూలై 17

ఒసేయ్ బన్నూ,

ఉన్నానే! ఉన్నాను!

210, 390, 829, 777, 380, 522. కూడితే 3108. మూడూ నూటఎనిమిదీ కలిపితే నూట పదకొండు. మూడు ముప్పైయేళ్ళు నూట పదకొండు! ల్యాబులో నిలబడి గట్టిగా "నూట పదకొండు" అని అరిచాను. ప్రెస్సు నడిపే ఆయన మీటరు మీద అంత వచ్చిందేమోనని మిషను ఆపేశాడు.

ఆ "గారు"కి నన్ను క్షమించు. నువ్వు ఏడ్చావని చదివి నేనూ ఏడ్చాను, ఇక ఆ లెక్క చెల్లు. మామయ్యగారిని అనుమానించినందుకు మాత్రం సిగ్గుగా ఉంది.

అసలు కథ ఇంకా ఉంది. ఆదివారం షాపు మూసి ఉంటుంది కదా, ఆయనా నేనూ లోపల బల్ల దగ్గర కూర్చుని ఒక్కొక్కర్నీ తీస్తూ వెళ్ళాం. ఆయనకి భాగహారం రాదు గానీ అంకెలు చదవడంలో తిరుగులేదు. రోజూ జనం చేత బోర్డు చదివించే మనిషి. నేను రాసిన ప్రతి వరసనీ వేలితో చూపిస్తూ వెనక్కి చదివి అప్పగించాడు, నీలాగా ఊఁ కొట్టకుండా. ముందు అత్తయ్యగారు, తర్వాత పిల్లి, నువ్వు, మీ ఆయన, కవలలు, మామయ్యగారు. మీ అన్నయ్య ముప్పైయొకటి వేసేటప్పుడు నా చెయ్యి ఆగింది. "తొందరేం లేదు" అన్నాడాయన. పోయింది, శేషం లేకుండా. మీ అన్నయ్య ఉన్నాడు బన్నూ, ఉన్నచోటే ఉన్నాడు. చివరికి నన్నూ తీశాను.

ఎవరూ మిగలకపోతే ఒకటి అనే అంకె మిగలాలి. 2479 మిగిలింది.

ఆయన మొహం చాటంతయింది. "నాదేనా అది? నాలుగంకెలా? మీ మామయ్యగారికే మూడు కదా!" అని కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. చూడని మనిషికి కూడా చోటిచ్చారే అని.

కాసేపయ్యాక ఆయనే "ఇది నిజంగా విరగదంటారా?" అని అడిగాడు. నా వృత్తి అదే కదా, విరిచి చూస్తే గానీ చెప్పలేం అన్నాను. ఏడు పెట్టాను, ఒకటి మిగిలింది. పదకొండు పోలేదు, పదమూడు పోలేదు. పదిహేడు, పంతొమ్మిది, ఇరవైమూడు, ఏదీ పోలేదు. నీ ఇరవైతొమ్మిది పోలేదు, మీ అన్నయ్యదీ పోలేదు. ఇంకేముంది, గట్టిదే అనుకుంటూ నాది పెట్టాను.

పోయింది. ముప్పైయేడు అరవైయేళ్ళు 2479.

అరవైయేడు ఆయనదే అయ్యుండాలి, విరగనిదే అది. కానీ నేను రెండోసారి ఎందుకొచ్చాను? ఒక్కొక్కరికి ఒక్కసారే కదా రూలు. ఇన్నేళ్ళుగా ఆ పలకలో ఏ సంఖ్యా రెండుసార్లు లేదు. ఒకసారి నన్ను తీసేయబోయి, మళ్ళీ పెట్టి, పెట్టింది మర్చిపోయి ఇంకోసారి పెట్టారా? ఆయనకి పెద్దతనం వచ్చింది బన్నూ. ఆదివారం నా సంగతి అడగడం మర్చిపోయారని నువ్వే రాశావు. నాకు దిగులుగా ఉంది. లెక్క తప్పడమంటే ఆయనకి ప్రాణం పోయినట్టే. పలక తగిలించాక వీధిలో ఎవరైనా చూసి అంటే తట్టుకోలేరు. నువ్వు నొప్పించకుండా అడుగు. నోట్లో నువ్వుగింజ ఈ ఒక్కసారికి నానబెట్టు తల్లీ.

వదిన (పలక మీద ఉన్నదాన్నే)


జూలై 24

నొప్పించకుండా అడగమన్నావు. అడిగాను. నాకే నొప్పి మిగిలింది.

నాన్న నిన్న బేకరీకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. టీ ఇచ్చి, మెత్తటి కేకు ముక్క పెట్టి, "నాన్నా, ఈ మధ్య నీకు మతిమరుపేమైనా..." అన్నాను. అంతే. "నాకా! మతిమరుపా!" అని లేచాడు. బెదిరిపోయి అంతా కక్కేశాను. బోర్డులాయన బన్నులు, దొంగతనంగా రాసుకోవడం, రెండూ తొమ్మిదీ, అన్నీ. డెబ్బైఐదు చూసి సరే అనుకున్నానంటే ఆయన కళ్ళు మూసుకుని "నా కడుపున పుట్టావు" అన్నాడు. అది చాలు నాకు జన్మకి.

తర్వాత నీ ఉత్తరం చదవమన్నాడు. పైకే చదివాను, కొట్లో జనం ఉన్నా సరే. "తొందరేం లేదు" అన్నచోట ఆపి, ఇంకోసారి చదవమన్నాడు. అరవైయేడు గురించి అడిగితే చెప్పాడు. పోయిన నెల ఒక పొద్దున బస్సెక్కి, ఎవరికీ చెప్పకుండా మీ ఊరొచ్చి ఆ షాపులో కళ్ళు చూపించుకుని వెళ్ళాడట! తనెవరో చెప్పలేదట. "చివరి వరస తప్పు చదివాను. విసుక్కోలేదు, నవ్వలేదు. మళ్ళీ చదవండి, నిదానంగా అన్నాడు. ఇన్నేళ్ళు పిల్లలకి చెప్పిన నాకే లేదు ఆ ఓపిక. భాగహారం రాకపోతే రాకపోనీ" అన్నాడు. ఆదివారం నీ సంగతి అడగకపోవడం కూడా మర్చిపోయి కాదట. అడిగితే గొంతులో తెలిసిపోతుందని అడగలేదట. పలక తగిలించాక చూపిద్దామనుకున్నాడు, నేనేమో అంతా పాడుచేశాను.

"మరి ముప్పైయేడు రెండుసార్లెందుకు నాన్నా? నీ రూలే కదా!" అన్నాను.

కేకు ముక్కని చెంచాతో అటూ ఇటూ తిప్పాడు. ఆ తర్వాత అన్న మాట అన్నట్టే రాస్తున్నాను:

"కోడలిగా వచ్చింది, అందుకొకటి. అది ముప్పైయొకటి పక్కన ఉంది, ఎప్పటికీ ఉంటుంది. ఇప్పుడు ఆ పిల్లకి పెళ్ళి చేసి పంపాలంటే ఎవరు పంపాలి? తండ్రి పంపాలి. కూతురికి నంబరివ్వకుండా ఎలా పంపిస్తాను? ఇంకో నంబరిస్తే ఇంకో మనిషవుతుంది. అందుకే అదే మళ్ళీ ఇచ్చాను. రూలు నాది, మార్చుకున్నాను."

బ్రెడ్డు కోసం నిలబడ్డావిడ కళ్ళు తుడుచుకుంది. మా ఆయన ఆవిడకి చిల్లర బదులు బన్ను ఇచ్చాడు.

రేపు పలక తగిలిస్తాడు. రిజిస్టరు ఆఫీసుకి ముందు నువ్వు ఇక్కడికి రావాలట, ఈ గుమ్మంలోంచే బయల్దేరాలట. ఆయన్ని కూడా తీసుకురమ్మన్నాడు. బావ అని పిలవడం మొదలుపెట్టాను, నోరు తిరగడానికి.

ఈ ఉత్తరం మొదట్లో పిలుపు రాయలేదు, గమనించావా? నాలుగు కాగితాలు చింపాను. వదినా అని రాయబోతే చెయ్యి ఆగుతోంది. నాన్న లెక్క ప్రకారం ఇప్పుడు నువ్వు నాకేమవుతావో తెలిశాక ఇంకోలా ఎలా రాయను? నాకు అన్నయ్యే గానీ ఇది ఎప్పుడూ లేదు, రాయడానికి సిగ్గుగా కూడా ఉంది. అయినా రాస్తున్నా.

అక్కా, తొందరగా రా.

నీ చెల్లెలు